ముప్పై రోజుల గడువు ఎవరి కోసం?

"బాండు మీద వదిలేశారుగా, ఇంకేం బాధ?" అని మనవాళ్లే అంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. 1958 నాటి ప్రొబేషన్ చట్టంలో సెక్షన్ 9 చదవండి. షరతు తప్పిందని ప్రొబేషన్ అధికారి రిపోర్టు రాస్తే కోర్టు వారంటు ఇవ్వొచ్చు, విచారించి పాత నేరానికే శిక్ష వేయొచ్చు. మొదటిసారి తప్పితే 50 రూపాయల లోపు జరిమానాతో సరిపెట్టే వీలూ అందులోనే ఉంది. కూలి పోతుందని ఒక్క సంతకానికి వెళ్లలేకపోయిన మనిషి తరఫున ఆ మాట అడిగేదెవరు?

అప్పీలు చేసుకోవచ్చు కదా అంటారు. సెక్షన్ 11(2)లో 3, 4 సెక్షన్ల ఉత్తర్వుల సంగతే ఉంది, 9 ఊసే లేదు! మేజిస్ట్రేటు వేసిన శిక్షగానే దాన్ని సెషన్స్ కోర్టుకి తీసుకెళ్లాలి, 30 రోజుల్లో. నకలు కోసం పట్టిన రోజులు ఆ లెక్కలోకి రావు. జైల్లో ఉన్నామె అప్పీలు కాగితం జైలు అధికారికిస్తే ఆయన పంపాల్సిందే. అయితే అప్పీలు వేసినంత మాత్రాన తలుపు తెరుచుకోదు. శిక్ష ఆపి బెయిలివ్వమని విడిగా అడగాలి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని ఇవ్వాలి.

ఇవన్నీ ఆమెకి శిక్ష చదివిన నోటితోనే, తెలుగులో, కోర్టే చెప్పాలని నేనంటాను. ఖైదు వేస్తే తీర్పు నకలు వెంటనే ఉచితంగా ఇవ్వాలని చట్టంలోనే ఉంది. ఈసారి జైలుకి వెళ్లినప్పుడు ఎంతమంది చేతుల్లో ఆ కాగితం ఉందో అడిగి చూడండి.