సంతాన చికిత్స – కాగితం అమానతు

ఇటీవల బీర్పూర్‌లో ఓ దంపతులు సంతాన చికిత్స గురించి అడగడానికి వచ్చారు. నికాహ్ నిలిచి ఉండగా, భార్యాభర్తల బీజాలతోనే అయితే టెస్ట్‌ట్యూబ్ పద్ధతిని అధిక సంఖ్యాక ధర్మవేత్తలు అనుమతించారని, మూడో వ్యక్తి ప్రమేయం తగదని చెప్పాను.

“ల్యాబులో ఏం కలిపారో మాకెలా తెలుస్తుంది, మౌలానా సాబ్?” అన్నాడతను.

సబబైన ప్రశ్న. సరోగసీ పేరిట అప్పగించిన శిశువు తమ బిడ్డ కాదని డీఎన్‌ఏ పరీక్షలో తేలి, ఓ జంట పోలీసులను ఆశ్రయించిన సికింద్రాబాద్ ఉదంతం 2025 నాటిదే. 2021 చట్టం ప్రకారం క్లినిక్‌లు చికిత్స వివరాలను కనీసం 10 ఏళ్లు భద్రపరచి, ఆపై జాతీయ రిజిస్ట్రీకి అప్పగించాలి. దంపతుల వివరాలను గోప్యంగా ఉంచాలి. అయినా పరువు పోతుందని మనవాళ్లు నకలు కూడా అడగరు. ఆసుపత్రి మారితే పరీక్షలన్నీ మళ్లీ మొదటి నుంచే!

దివ్య ఖుర్ఆన్‌లో అతి పొడవైన ఆయతు (బఖరా 282) అప్పును రాసుకోమంటుంది. వంశం అప్పుకన్నా చిన్నదా?

సంతకం చేసిన ప్రతి పత్రం నకలు తీసుకోండి, ఎన్ని పిండాలు నిల్వ ఉంచారో రాయించుకోండి అన్నాను. తలాకుతోగాని, మరణంతోగాని నికాహ్ ముగిస్తే వాటినేం చేయాలో కూడా.

అతను భార్య వైపు చూశాడు. పాత ఫైలు ఆమె పుట్టింట్లో ఉందట, అత్తగారికి తెలియకుండా.