అమీర్‌పేట య గణం, పంజాగుట్ట మ గణం

బడిలో గణవిభజనకి మార్కులేశారు గానీ చెవికి పని చెప్పలేదు. పరీక్ష అవగానే ఛందస్సు మర్చిపోయాను. మీలో చాలామంది సంగతీ ఇదే అనుకుంటా.

2003లో నేను అమీర్‌పేటలో జావా నేర్చుకుంటుంటే నాన్న ఉత్తరం చివర ఓ కందపద్యం రాసి పంపారు. పైపైన చూసి మడిచి పెట్టేశాను.

మొన్న మెట్రోలో స్టేషన్ పేర్లు వింటూ గణాలు కట్టాను. పొట్టి అక్షరం లఘువు. దీర్ఘమైనా, సున్నా ఉన్నా, తర్వాత జంట హల్లు వచ్చినా గురువు. అ-మీర్-పే: లఘువు, రెండు గురువులు. య గణం! తర్వాతి స్టేషన్ పం-జా-గు: వెనకే ‘ట్ట’ ఉంది కాబట్టి ‘గు’ కూడా గురువే. మ గణం! ‘యమాతారాజభానసలగం’లోనూ య పక్కన మ-నే కదా :)

ఇక వృత్తాల్లో, కందంలో ప్రాసంటే పాదాలన్నిటా రెండో అక్షరంలో అదే హల్లు. యతంటే పాదం మొదటి అక్షరానికి చెప్పిన చోట జోడీ. ఉత్పలమాలలో పదో అక్షరం. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు రాసేవాళ్లం, దీనికి భయపడటమేంటి? ఛందస్సు వస్తే కవులమైపోం, నిజమే. కంపైలైన ప్రతి ప్రోగ్రామూ మంచిది కాదుగా. కానీ రాకపోతే మంచి పద్యం సగమే వినపడుతుంది. అందుకే పిల్లలకి పట్టికలు కాదు, ముందు ఊళ్ల పేర్లతో, వాళ్ల పేర్లతో చెవికి నేర్పాలంటాను.

ఇంటికెళ్లి ఆ ఉత్తరం వెతికి తీశాను. ఫోన్ చేసి, "నాన్నా, మూడో పాదంలో ప్రాస తప్పింది" అన్నాను.

"ఇన్నాళ్లకి చదివావన్నమాట" అన్నారు.