నీడచెట్టు రక్షణే కాఫీ మొక్కకు రక్షణ

డుంబ్రిగుడ, అరకులోయ మండలాల అరబికా తోటలలో సస్యరక్షణ అనగానే మన సలహాలు తరచు పిచికారీ మందుతో మొదలవుతాయి. తెల్ల కాండం తొలుచు పురుగు విషయంలో ఈ క్రమం మారాలి. తల్లిపురుగు ఎండ తగిలే కాండంపై, బెరడు పగుళ్లలో గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు కాండంలోకి చొచ్చుకుపోయిన తరువాత పైన చల్లిన మందు దానిని చేరదు. కనుక మొదటి రక్షణ నీడయే.

ఆ నీడను మనం అధికభాగం సిల్వర్ ఓక్‌కే అప్పగించాం. ఆ ఒక్క జాతికి తెగులు సోకినా, కలప కోసం ఒకేసారి నరికినా తోట ఎండపాలవుతుంది. అవసరానికి చెట్టు అమ్ముకొనే గిరిజన రైతును తప్పుపట్టడం న్యాయం కాదు. పనస, నేరేడు వంటి చెట్లను ముందుగా నాటించి, సిల్వర్ ఓక్‌ను విడతలుగా తొలగించే ప్రణాళికను అతనికి అందించడం మన బాధ్యత.

నీడ మితిమీరినా ముప్పే. 2025లో అరకు ప్రాంతంలో కనిపించిన కాయ తొలుచు పురుగుకు, నల్లకుళ్లు తెగులుకు దట్టమైన నీడ అనుకూలం. అందుచేత వర్షాలకు ముందు నీడచెట్ల కొమ్మలను క్రమబద్ధం చేయాలి. కాండం తొలుచు పురుగు సోకిన మొక్కలను, రెక్కల పురుగులు వెలువడే ఏప్రిల్-మే, అక్టోబరు-డిసెంబరు కాలాలకు ముందే పెకలించి కాల్చాలి.

క్షేత్ర సందర్శన పత్రంలో నీడ స్థితికి, నీడచెట్ల జాతులకు ఒక గడి చేర్చడంతో ఈ మార్పును ప్రారంభించవచ్చు.