కంపెనీ చూడవచ్చు, కానీ చెప్పి చూడాలి

ఫరంపేట, కనకాలపేట, మెట్టకూరు వంటి యానాం ఊళ్ళ నుంచి చదువుకున్న పిల్లలు హైదరాబాద్, విశాఖపట్నం, బెంగళూరు ఆఫీసుల్లో ఉద్యోగాలకు వెళ్తున్నారు. చేరిన రోజే కంపెనీ ల్యాప్‌టాప్ ఇచ్చి, కొన్ని కాగితాల మీద సంతకం తీసుకుంటుంది. ఆ కాగితాల్లో ఎక్కడో ఒక వాక్యంగా ఉండిపోయే సంగతి గురించి ఈసారి మాట్లాడదలిచాము.

బ్రౌజర్‌లో తాళం గుర్తు కనిపిస్తే, మనం రాసేది మధ్యలో ఎవరూ చదవలేరని నమ్ముతాం. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో అది నిజం కాకపోవచ్చు. చాలా కంపెనీలు తమ సొంత రూట్ సర్టిఫికెట్‌ను అందులో ముందే పెడతాయి. మనం పంపినది కంపెనీ ప్రాక్సీ దగ్గర ఆగుతుంది. అక్కడ ఎన్‌క్రిప్షన్ విప్పి, వైరస్ ఉందా, కంపెనీ ఫైళ్ళు బయటకు పోతున్నాయా అని పరీక్షించి, మళ్ళీ ఎన్‌క్రిప్ట్ చేసి పంపుతారు. ఉత్తరం విప్పి చూసి కొత్త కవరులో పెట్టి అంటించినట్టే. తాళం గుర్తు మాత్రం అలాగే ఉంటుంది.

దీనికి కారణం లేకపోలేదు. 2019లో తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు రాన్సమ్‌వేర్ దాడికి గురయ్యాయి. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు దెబ్బతిని, రోజుల తరబడి పనులు చేత్తో రాసి నడపవలసి వచ్చింది. నష్టపోయింది రోగులు. హాని చేసే ప్రోగ్రాములు కూడా ఎన్‌క్రిప్షన్ చాటునే వస్తాయి కనుక పరీక్షే వద్దని మేము అనడం లేదు.

అయితే అదే ప్రాక్సీ ఉద్యోగి బ్యాంకు పాస్‌వర్డును, డాక్టరు రిపోర్టును, వేధింపులపై ఒక సోదరి రాసుకున్న ఫిర్యాదును, యూనియన్ గురించి తోటివారితో అన్న మాటను కూడా చూడగలదు. పైగా ఇలాంటి పరికరాలను సరిగా అమర్చకపోతే భద్రత పెరగకపోగా తగ్గుతుందని అమెరికా ప్రభుత్వ సంస్థ యూఎస్-సెర్ట్ 2017 మార్చిలోనే హెచ్చరించింది.

యాజమాన్యానికీ కార్మికులకూ మధ్య నమ్మకం పోతే ఏమవుతుందో యానాంకు ఎవరూ చెప్పనక్కరలేదు. 2012 జనవరిలో రీజెన్సీ సెరామిక్స్ గొడవల్లో కార్మిక నాయకుడూ, కంపెనీ ఉన్నతాధికారీ ఇద్దరూ ప్రాణాలు కోల్పోయారు. చాటుగా చూడటం వల్ల నమ్మకం పెరగదు.

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనంతో తీర్పు చెప్పింది. కానీ 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 7వ సెక్షన్, ఉద్యోగ అవసరాలకూ కంపెనీని నష్టం నుంచి కాపాడుకోవడానికీ ఉద్యోగి సమ్మతి లేకుండానే డేటా వాడుకోవచ్చంటోంది. యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం 2017 సెప్టెంబరులో రుమేనియా ఉద్యోగి బర్బులెస్కు కేసులో వేరే దారి చూపింది. నిఘా ఎంతవరకో ఉద్యోగికి ముందే చెప్పారా, దానికి తగిన కారణం ఉందా, తక్కువ చొరబాటుతో పని జరగదా అని కోర్టులు అడగాలన్నది.

మనమూ అదే కోరాలి. ఏం చూస్తారో ఉద్యోగికి అర్థమయ్యే భాషలో రాసివ్వాలి. బ్యాంకు, ఆసుపత్రి సైట్లను విప్పకుండా వదిలేయాలి. సాంకేతికంగా అది సాధ్యమే. రికార్డులు ఎవరు చూస్తారో, ఎన్నాళ్ళు ఉంచుతారో చెప్పాలి. భద్రత కోసం తీసిన రికార్డును యూనియన్ వాళ్ళను ఏరివేయడానికి వాడకూడదు.

యువతీ యువకులారా, సొంత పనులు సొంత ఫోనులో, సొంత డేటాతో చేసుకోండి. ఆ ఫోనులోనూ కంపెనీ సర్టిఫికెట్ వేసుకోమంటే ఎందుకని అడగండి. ఒక్కరే అడగడానికి భయమైతే నలుగురు కలిసి అడగండి. జీతం తీసుకుంటున్నాం కదా అని మన మాటలన్నీ అమ్ముకున్నట్టు కాదు.