డిగ్రీ సమానమే.. మరి ఉద్యోగం?

కెనడా వెళ్లాలనుకునే మన బీటెక్ కుర్రాళ్లు మొదట చేయించేది సర్టిఫికెట్ల మదింపు. యూనివర్సిటీ చుట్టూ తిరిగి, ట్రాన్‌స్క్రిప్టులు పంపించి, ఫీజు కట్టాక ఓ కాగితం వస్తుంది. 'మీ చదువు కెనడా బ్యాచిలర్ డిగ్రీకి సమానం' అని. ఇంట్లో స్వీట్లు పంచుతారు. పంచండి, తప్పులేదు. కానీ ఆ కాగితం వలసల శాఖ కోసం. టొరంటోలో మీ రెజ్యూమె చూసే మేనేజర్‌కు దానితో పెద్దగా పనిలేదు.

ఆ మేనేజర్ ఏం చూస్తాడు? టొరంటో విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త ఫిలిప్ ఒరియోపౌలస్ ఇదే తేల్చాలనుకున్నారు. వేలకొద్దీ కల్పిత రెజ్యూమెలు తయారుచేసి అక్కడి కంపెనీలకు పంపారు. 2009లో వెల్లడించిన ఫలితాలు చూడండి. చదువు, అనుభవం రెండూ కెనడావే అయినా, ఇంగ్లిష్ పేరుంటే వందకు 16 ఇంటర్వ్యూ పిలుపులొచ్చాయి. భారతీయ, పాకిస్థానీ, చైనా పేర్లుంటే 11. పేరుతో పాటు చదువు, అనుభవం కూడా బయటి దేశానివైతే 5 మాత్రమే. అనుభవాన్ని కెనడాదిగా మారిస్తే ఆ 5 కాస్తా 11కు చేరింది. దానిపైన అదనంగా కెనడా చదువు చేర్చినా పిలుపులు పెరగలేదు!

పేరు వల్ల పోయే పిలుపుల గురించి మీరు చేయగలిగిందేమీ లేదు. అది వివక్షే, ఇంకో పేరు పెట్టక్కర్లేదు. మరి రిక్రూటర్లు చెప్పిన సాకు ఏమిటి? భాష. వచ్చినవాడు మాట్లాడగలడో లేదోనన్న అనుమానం. రెజ్యూమెలో 'ఫ్లూయెంట్ ఇంగ్లిష్' అని రాసినంత మాత్రాన ఆ అనుమానం పోలేదట.

పీఆర్‌కు ఇచ్చే పాయింట్లలోనూ భాషదే పైచేయి. ఒంటరి అభ్యర్థికి బ్యాచిలర్ డిగ్రీకి 120, మాస్టర్స్‌కు 135. తేడా 15. అదే ఇంగ్లిష్‌లో నాలుగు విభాగాల్లోనూ సీఎల్‌బీ 8 నుంచి 9కి వెళితే ప్రాథమిక పాయింట్లే 32 పెరుగుతాయి. ఐఈఎల్‌టీఎస్‌లో అంటే లిజనింగ్‌లో 8, మిగతా మూడింట్లో 7. రెండేళ్ల చదువు కన్నా ఆరు నెలల గట్టి సాధన ఎక్కువ పాయింట్లు తేవొచ్చన్నమాట. అమీర్‌పేటలో మూడో కోర్సుకు ఫీజు కట్టేముందు ఒక్కసారి ఆలోచించండి.

నర్సింగ్, ఫార్మసీ వాళ్ల సంగతి వేరు. అక్కడ లైసెన్స్ లేకుండా ఆ పని చేయనివ్వరు. సర్టిఫికెట్ల సమానత్వ కాగితం లైసెన్స్ కాదు. ఇంజినీర్లకూ ఒంటారియోలో లైసెన్స్ నిబంధన ఉంది. దానికి కెనడా అనుభవం ఉండి తీరాలన్న షరతును 2023లో ఎత్తేశారు. 25 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు ప్రకటనల్లో 'కెనడా అనుభవం తప్పనిసరి' అని రాయకూడదని 2026 జనవరి 1 నుంచి ఒంటారియోలో చట్టం కూడా ఉంది. ప్రకటనలో రాయడం మానేస్తారు, సరే. మనసులో మానేస్తారా అన్నది చూడాలి.

ఇలా అనుభవానికి విలువ ఉందని తెలిశాకే కొందరు ఫేక్ ఎక్స్‌పీరియన్స్ లెటర్ల వైపు చూస్తారు. వద్దు. వలస దరఖాస్తులో తప్పుడు వివరాలిచ్చినట్లు తేలితే ఐదేళ్లు కెనడా తలుపు మూసుకుంటుంది.

అక్కడే చదవాలనుకుంటే కోర్సు పేరు, కాలేజీ ర్యాంకు తర్వాత చూడండి. కో-ఆప్ ఉందా, అంటే చదువు మధ్యలో జీతంతో కంపెనీలో పనిచేసే వీలుందా అన్నది ముందు అడగండి. ఎన్ని నెలలు, కంపెనీని కాలేజీ చూపిస్తుందా, మీరే వెతుక్కోవాలా? కన్సల్టెన్సీ వాళ్లు వీసా గురించి గంటసేపు చెబుతారు. ఈ మూడు ప్రశ్నలకు నీళ్లు నమిలితే మాత్రం అడ్వాన్స్ కట్టకుండా లేచి వచ్చేయండి.