చిక్కుడుకాయల వంటకము, నెల జీతము



ఏశావు పొలమునుండి అలసి వచ్చెను. ఎదుట పొయ్యిమీద చిక్కుడుకాయల వంటకము ఉడుకుచుండెను. అతడు తన జ్యేష్ఠత్వమును ఇచ్చివేసి ఆ వంటకము తినెను. ఈ సంగతిమీద మనము ఎన్ని ప్రసంగములు వింటిమి! ప్రతి ప్రసంగములోను తప్పంతయు ఏశావుదే. ఆకలిగొన్న అన్నకు ఒక గిన్నెడు కూర ఊరకనే పెట్టని తమ్మునిగూర్చి ఎవరైనను ప్రసంగించిరా? ఇరువదియైదు ఏండ్ల సేవలో నేనును ప్రసంగింపలేదు. ఏల ప్రసంగింపలేదో ఈ దినమున మీ యెదుట ఒప్పుకొందును.

నేను చెప్పబోవునది జీతపు కోతమీద తెచ్చుకొను తిండి సరుకులనుగూర్చియే. మన సంఘములలో మిల్లులలోను, ఆసుపత్రులలోను, బడులలోను నెల జీతమునకు పనిచేయువారు కలరు. వారిలో కొందరు పనిచేయు చోటనున్న స్టోరులో బియ్యము, పప్పు, నూనె, సబ్బులు పుస్తకములో వ్రాయించి తెచ్చుకొందురు. నెలాఖరున ఆ బాకీ జీతములో కోసికొని, మిగిలినది చేతికిత్తురు. ఇటుక బట్టీలకు వలసపోయిన కూలీల సంగతి ఇంకను కఠినము. మేస్త్రి వారము వారము తిండి ఖర్చు ఇచ్చి పద్దు వ్రాసికొనును. పని కాలము ముగిసినగాని లెక్క తేలదు. నేడు జీతము బ్యాంకులో పడుచున్నది. ఫోనులో అప్పుమీద కొన్న సరుకుల బాకీ, జీతము పడిన దినముననే పోవుచున్నది. కత్తి మారినది గాని కోత మారలేదు.

“ఇందులో తప్పేమున్నది, అయ్యగారూ? వడ్డీ లేదు, పిల్లలు పస్తుండరు” అని మీరు అడుగుదురు. ఆ ప్రశ్నను నేను తేలికగా త్రోసివేయను. నేనును ఒకప్పుడు అట్లే అనుకొంటిని.

కొన్ని ఏండ్ల క్రిందట ఒక సంస్థ సహకార స్టోరు కమిటీలో నేను సభ్యుడనుగా నుంటిని. అక్కడ తుడుపు పని చేయు సహోదరి యొకతె. ఆమె జీతము 9,000 రూపాయలు. ఆ నెల కోత 6,200. చేతికి వచ్చినది 2,800. ఆమె పెనిమిటికి జ్వరము తగ్గలేదు. జిల్లా ఆసుపత్రికి తీసికొని పోవలెను. చేతి డబ్బు ఇంటి అద్దెకును, పిల్లల బడికిని సరిపోయినది. స్టోరులో నూనె అప్పుగా దొరకును గాని బస్సు చార్జీ అప్పుగా దొరకదు. ఆమె ఏమి చేసెనో వినుడి. స్టోరుకు పోయి నాలుగు నూనె ప్యాకెట్లు పుస్తకములో వ్రాయించి తెచ్చి, వెల తగ్గించి ప్రక్కయింటివారికి అమ్మి, ఆ డబ్బుతో బస్సెక్కెను. వచ్చే నెల కోతలో ఆ నూనెకు పూర్తి వెల కట్టెను.

రెండవ రాజుల గ్రంథము నాలుగవ అధ్యాయములోని విధవరాలిని జ్ఞాపకము చేసికొనుడి. అప్పులవాడు ఆమె కుమారులను దాసులుగా కొనిపోవ వచ్చినప్పుడు, ఎలీషా మాట చొప్పున ఆమె నూనె అమ్మి అప్పు తీర్చుకొనెను; మిగిలిన దానితో ఇంటివారు బ్రదికిరి. మన సహోదరియు నూనె అమ్మినది. ఆమె అప్పు పెరిగినది. ఎలీషా ఉండవలసిన చోట మేము కమిటీగా కూర్చుండియుంటిమి. ఆ కోత కాగితముమీద నా సంతకమున్నది.

మేము చట్టము తప్పితిమా? లేదు. 1936లో చేయబడిన వేతనముల చెల్లింపు చట్టము, తరువాతి సవరణతో, సాధారణముగా జీతములో సగమువరకును, సహకార సంఘపు బాకీ కలిసినప్పుడు నాలుగింట మూడు వంతులవరకును కోత ననుమతించెను. మా కోత ఆ హద్దులోనిదేనని తృప్తిపడితిమి. ఆ చట్టము స్థానమున 2019 నాటి వేతనముల కోడు 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము కోతలన్నియు కలిసి జీతములో సగమును మించరాదు. చట్టమే తన హద్దును తగ్గించుకొనగా, క్రీస్తు సంఘము ఏ హద్దు పెట్టుకొనవలెను?

కొందరు బీదలమీదనే నేరము మోపుదురు. “అప్పు చేసి పప్పు కూడు” అను సామెత వారి నోటనున్నది. వారి పుస్తకములు చూచినవాడను గనుక చెప్పుచున్నాను: అందులో విందులు లేవు. రేషను బియ్యము 2023 జనవరి నుండి ఉచితమే గదా అందురు. మనిషికి నెలకు 5 కిలోలు. అందులోనికి పప్పు, నూనె, ఉప్పు, కారము ఎక్కడనుండి వచ్చును?

ఈ ఉరి ఎట్లు బిగియునో గ్రహించుడి. ఈ నెల కోత పోయిన నెల తిండికి. కోత పోగా మిగిలినది ఈ నెల తిండికి చాలదు. గనుక మరల పుస్తకము. బయటపడవలెనన్న, ఒక నెల మాత్రము రెండు నెలల తిండికి చెల్లింపవలెను: పాత బాకీ ఒక ప్రక్క, రొక్కమిచ్చి కొను సరుకు ఒక ప్రక్క. ఆ ఒక్క నెలయే గోడ. దానిని దాటలేక కొందరు పదవీ విరమణవరకు ఒక నెల వెనుకనే బ్రదుకుదురు.

సహకార స్టోరు అను పేరు వినగానే మనము నిశ్చింత పడుదుము. ఇంగ్లాండు దేశములోని రాచ్‌డేలు పట్టణమున 1844 డిసెంబరు 21న బీద పనివారు పిండి, వెన్న, చక్కెర పెట్టుకొని చిన్న కొట్టు తెరచిరి. నేటి సహకార ఉద్యమము వారినే తన పితరులుగా చెప్పుకొనును. వారి కట్టుబాటు రొక్కమునకే అమ్మకము. అప్పు పుస్తకము పనివాని ఇంటిని ఏమి చేయునో వారు ఎరిగినవారు.

దేవుని వాక్యము ఆకలిగొన్నవానికి అప్పియ్యవద్దని చెప్పలేదు. లేవీయకాండము 25వ అధ్యాయములో బీద సహోదరునికి లాభము కోరి ఆహారమియ్యకూడదని యున్నది. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము కూలి ఆ దినముననే, సూర్యుడు అస్తమింపకముందే, ఇచ్చివేయవలెనని ఆజ్ఞాపించుచున్నది. నెహెమ్యా దినములలో జనులు కరవునందు ధాన్యముకొరకు పొలములను, ఇండ్లను తాకట్టు పెట్టిరి. అప్పుడు నెహెమ్యా ప్రధానులను మాత్రమే గద్దించి ఊరకుండలేదు. తానును, తన బంధువులును ధాన్యము అప్పిచ్చితిమని ఒప్పుకొని, ఇకమీదట మానుదమని పలికెను. నేను ఆయన వెనుక నిలుచుటకు చాల ఆలస్యముగా వచ్చినవాడను.

గనుక మీకు మూడు మాటలు చెప్పుదును. సంస్థల పెద్దలారా, కోత వేయకముందు ఆ ఇంటివారికి బస్సు చార్జీకి, మందులకు చేతిలో ఏమి మిగులునో అడిగి తెలిసికొనుడి. ఇంటివారలారా, పుస్తకమును భార్యాభర్తలు కూడి చదువుడి. ఏ నెల ఎంత వ్రాయించితిరో తెలియని ఇల్లు ఆ బాకీనుండి బయటపడదు. సంఘమా, ఆ ఒక్క నెల గోడను నీవు దాటింపుము.

ఇది అసాధ్యమనకుడి. మిజోరాములో 1910 నుండి సంఘ స్త్రీలు వంటకు బియ్యము తీయునప్పుడు పిడికెడు ప్రక్కన పెట్టి మందిరమునకు తెచ్చుచున్నారు. మన మందిరములోను ఒక బియ్యపు కుండయు, దాని ప్రక్కన ఒక పప్పు డబ్బాయు ఉండనిండు. సంవత్సరమునకు రెండు కుటుంబములకు ఒక్క నెల తిండి పెట్టినను చాలును. వడ్డీ వద్దు, సంతకము వద్దు. కలిగినప్పుడు వారును పిడికెడు తెత్తురు. క్రిస్మసు పందిరికి, మైకుసెట్టుకు చందాలెత్తు మనకు ఇది బరువా?

పై ఆదివారము మా మందిరములో ఆ కుండను పెట్టుచున్నాము. మొదటి పిడికెడు ఆ సహోదరి పేరట వేయుదును. ఆమెకు నేను బాకీ పడియున్నాను. అది ఏ జీతములోను కోయబడని బాకీ.