ధ్రువపు తిమింగలం, మన పాలసొర

ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల్లో వేసవి వస్తే పైలట్ తిమింగలాల గుంపును ఒడ్డుకు తోలి, కోసి, ఊరంతా వాటాలు పంచుకోవడం శతాబ్దాల ఆచారం. 2008లో ఆ దీవుల ఆరోగ్యాధికారులే ఈ మాంసం ఇక మనుషులు తినడానికి పనికిరాదని ప్రకటించారు. బయటినుంచి వచ్చిన జంతుప్రేమికులు చెబితే ఎవరూ చెవిన పెట్టేవారు కాదు. చెప్పింది సొంత వైద్యులు. వారి మాట వెనక 1986-87లో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లలను ఏళ్ల తరబడి పరిశీలించిన అధ్యయనం ఉంది. తల్లి తిన్న ఆ మాంసంవల్ల కడుపులో ఉండగానే పాదరసం ఎక్కువగా సోకిన పిల్లలు ఏడో ఏట భాషలో, ఏకాగ్రతలో, జ్ఞాపకశక్తిలో తోటివారికన్నా వెనకబడ్డారని అది తేల్చింది.

జపాన్‌లోని మినమాటాలో పాదరసం తెచ్చిన విషాదం 1956లో బయటపడినప్పుడు దోషి కళ్లెదుటే ఉంది: చిస్సో కర్మాగారం, దాని గొట్టం, అది కలిసిన అఖాతం. ఫారో కథలోనూ, ఇంకా ఉత్తరాన ఇన్యూట్ ప్రజల కథలోనూ అలా వేలెత్తి చూపడానికి గొట్టం లేదు. పాదరసం ఆవిరిగా మారితే నెలల తరబడి గాలిలోనే తిరుగుతుంది. ఆసియాలో బయల్దేరినది ధ్రువం చేరడానికి ఆ గడువు చాలు. నెలల చీకటి తర్వాత అక్కడ సూర్యుడు పొడిచే రోజుల్లో మరో చిత్రం జరుగుతుంది. సముద్రపు మంచులోని ఉప్పునుంచి పుట్టిన బ్రోమిన్, ఎండ తగలగానే గాలిలోని పాదరసాన్ని పట్టి మంచుమీదికి దింపేస్తుంది. కొన్ని గంటల్లోనే గాలిలో పాదరసం దాదాపు మాయమవుతుంది. కెనడా ఉత్తర కొసన అలర్ట్ అనేచోట 1995లో దీన్ని తొలిసారి గుర్తించారు. అలా దిగినదాంట్లో కొంత మళ్లీ గాలిలోకి లేస్తుంది, కొంత కరుగునీటితో సముద్రంలో కలుస్తుంది. కరుగుతున్న టండ్రా నేలనుంచి నదులు మోసుకొచ్చేది దీనికి అదనం.

అసలు ప్రమాదం అక్కడినుంచే మొదలవుతుంది. ప్రాణవాయువు తక్కువగా ఉన్న బురదలో, లోతు నీళ్లలో కొన్ని సూక్ష్మజీవులు పాదరసాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి. దీన్ని ఒంట్లోకి తీసుకున్న జీవి అంత త్వరగా వదిలించుకోలేదు. నాచునుంచి సన్నజీవికి, దానినుంచి ఆర్కిటిక్ కాడ్ చేపకు, చేపనుంచి సీలుకు, సీలునుంచి ధ్రువపు ఎలుగుకు మెట్టుమెట్టుకూ వడ్డీ మీద వడ్డీలా పేరుకుపోతుంది. పారిశ్రామిక యుగానికి ముందుతో పోలిస్తే ఆర్కిటిక్ పెద్ద జంతువుల్లో పాదరసం సుమారు పదిరెట్లు పెరిగిందని శాస్త్రవేత్తల అంచనా. అక్కడి తల్లులు ఆ పెద్ద జంతువులను తినే బతికారు.

ఈ పాపంలో మన వాటా ఎంత? మనుషుల పనులవల్ల 2015లో గాలిలో కలిసిన పాదరసం సుమారు 2,220 టన్నులని ఐక్యరాజ్యసమితి లెక్క. అందులో దాదాపు సగం ఆసియాది. చిన్నస్థాయి బంగారు తవ్వకాల తర్వాత అతిపెద్ద వనరు బొగ్గు. బొగ్గు కాల్చడంలో మనం ఎవరికీ తీసిపోం. గోదావరి ఒడ్డునే రామగుండంలో 2,600 మెగావాట్లకు పైగా బొగ్గు కరెంటు, దిగువన మణుగూరు, కాస్త ఎడంగా పాల్వంచ, ఇటు తీరాన పరవాడలో సింహాద్రి 2,000 మెగావాట్లు. కొలిమి వేడికి బొగ్గులోని పాదరసం ఆవిరవుతుంది. కొంత బూడిదకు అంటుకుని ఆగుతుంది, కొంత గంధకాన్ని కడిగే యంత్రం ఉంటే అందులో చిక్కుతుంది, మిగిలినది పొగగొట్టం దాటి పోతుంది. 2015 డిసెంబరులో కేంద్రం పొగలో పాదరసానికి ఘనపు మీటరుకు 0.03 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. పాదరసంపై మినమాటా ఒప్పందాన్ని 2018లో ధ్రువీకరించింది కూడా. గంధకం యంత్రాల గడువును మాత్రం వాయిదా మీద వాయిదా వేసి, 2025 జూలైలో అత్యధిక ప్లాంట్లను ఆ బాధ్యతనుంచే తప్పించింది. అప్పుడు నడిచిన వాదమంతా గంధకం, ఖర్చు, కరెంటు ధర చుట్టూనే. ఆ యంత్రం పాదరసాన్ని కూడా పడుతుందన్న మాట పెద్దగా వినబడలేదు.

మంచు సముద్రంలో జరిగిన మార్పిడికి కావలసిన సరంజామా మన దగ్గరా ఉంది. బంగాళాఖాతం లోతుల్లో ప్రాణవాయువు తక్కువున్న పొర ఉంది. కోరింగ మడ అడవుల్లో నల్లబురద ఉంది. అదే తీరానికి అన్నవరం కొండ ఇరవై కిలోమీటర్ల లోపే. దానవాయిపేట, పెరుమాళ్లపురం, ఉప్పాడ ఒడ్డున పడిన చేప పొద్దెక్కేలోపు తుని దాకా పాకుతుంది. కొండమీద సత్యదేవుని గోధుమనూక ప్రసాదం సరే, కింద ఊళ్లలో ఇంట్లో బాలింత ఉంటే వెతికి తెచ్చేది పాలసొర. పసుపు వేసి ఉడకబెట్టి, ముల్లు తీసి, ఉల్లిపాయ, వెల్లుల్లి, పచ్చిమిర్చితో పొడిపొడిగా వేయించిన సొరపుట్టు తింటే పాలు పడతాయని నమ్మకం. ఆ తల్లికి మాంసకృత్తులు కావాలి కాబట్టి దాన్ని కొట్టిపారేయనక్కరలేదు.

కానీ సొర వేటాడి తినే చేప. అమెరికా ఆహార, పర్యావరణ సంస్థలు గర్భిణులను పూర్తిగా మానమనే చేపల జాబితాలో సొర ఉంది. ఐరోపా దేశాలు సొర మాంసానికి పెట్టుకున్న హద్దు కిలోకు 1 మిల్లీగ్రాము. సరిగ్గా ఆ హద్దులో ఉన్న చేపనే తీసుకుందాం. మిథైల్ పాదరసం వారానికి శరీర బరువులో కిలోకు 1.6 మైక్రోగ్రాములు మించకూడదన్నది అంతర్జాతీయ నిపుణుల సంఘం 2003లో చెప్పిన లెక్క. యాభై కిలోల మనిషికి అది 80 మైక్రోగ్రాములు. అంటే వారానికి 80 గ్రాముల ముక్క. పుట్టు వండితే ఒక్క పూటకే చెల్లిపోతుంది.

ఇక్కడ తొందరపడి ఆచారాన్ని తిట్టిపోస్తే తప్పు. పాలసొర సాధారణంగా మీటరుకు అటూ ఇటూ పెరిగే చిన్నరకం. లోతు సముద్రంలో ఏళ్లపాటు బతికే భారీ సొరల్లో పేరుకున్నంత పాదరసం దీనిలో పేరుకునే అవకాశం తక్కువ. పైగా పాదరసం బిడ్డకు చేరే పెద్ద దారి మాయ, తల్లిపాలు కాదు. కాన్పు తర్వాత తిన్న పుట్టుకంటే కాన్పుకు ముందు నెలల్లో తిన్న పెద్దచేపే ఎక్కువ చేటు. ఒంట్లోంచి సగం పోవడానికే సుమారు రెండు నెలలు పడుతుంది కాబట్టి ఆ జాగ్రత్త కడుపు పండకముందే మొదలవ్వాలి. అయితే సంతలో ముక్కలు కోసి అమ్మేది పాలసొరో, పెద్దసొరో కొనేవాళ్లకు ఎలా తెలుస్తుంది?

తెలియాల్సిన అవసరం ఉందని ప్రభుత్వం గుర్తించడమే నా కోరిక. 2008లోనే, ఫారో ప్రకటన వెలువడిన ఏడాదే, మన దేశం ఆర్కిటిక్‌లోని న్యూఒలెసుండ్‌లో హిమాద్రి పరిశోధన కేంద్రం తెరిచింది. ఒకప్పటి బొగ్గుగని ఊరది. అంత దూరం వెళ్లి ధ్రువాన్ని చదవగలిగే దేశానికి ఉప్పాడ వేలంలో చేపను చదవడం భారం కాదు. ఎగుమతి సరుకుకు కొనే దేశం హద్దు ప్రకారం పరీక్ష తప్పదు. మన తల్లులు తినే చేపకు ఆ పట్టింపు ఎందుకు వద్దు? కాకినాడలో రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ ఉంది, విశాఖలో కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ శాఖ ఉంది. రకాలవారీగా, సైజులవారీగా, ఏడాదికి రెండుసార్లు నమూనాలు తీసి, అంకెలను తెలుగులో ప్రకటిస్తే చాలు. చేప అమ్ముకుని బతికే కుటుంబాలకు నష్టమన్న భయం న్యాయమైనదే. అయితే అంకెలు లేనప్పుడు పుట్టే పుకారు అన్ని చేపలనూ ఒకే గాటన కట్టి ముంచుతుంది.

కెనడాలోని నూనావిక్‌లో ఆరోగ్యాధికారులు ఇన్యూట్ స్త్రీలను సముద్రపు తిండి మానమనలేదు. పిల్లలు కనే వయసులో బెలూగా తిమింగలపు మాంసం తగ్గించి, ఆర్కిటిక్ చార్ చేప తినమన్నారు. మన అంగన్‌వాడీ కార్యకర్త చెప్పగలిగిన మాటా అలాంటిదే: గర్భిణికి పెద్దసొర, పెద్ద సూర వద్దు, నెత్తళ్లు, కవళ్లు, కానాగంతలు నిక్షేపంగా పెట్టండి. ధర కూడా తక్కువే.